పేరు ఆమెది, ముగింపు నాది

కొత్తగూడెంలో మేమున్న క్వార్టర్ల లైనులో వారపత్రిక కొనే ఇల్లు మాదొక్కటే. మా ఆయన గనిలో ఫిట్టరు. వారానికోసారి ఫస్టు షిఫ్టు దిగి వస్తూ బస్టాండు దగ్గర ఆ పత్రిక పట్టుకొచ్చేవాడు. ఆయన చదివేది లేదు. నా కోసమే. ఇంటరు దాకా చదివి, పెళ్ళయి, ఆ రెండు గదుల్లోకి వచ్చిన నాకు వారమంతా ఎదురుచూసేది దాని కోసమేనని ఆయనకు తెలుసు.

మరుసటి రోజు మధ్యాహ్నం అంట్లు తోముకోవడం అయిపోయి, నల్లా వచ్చే వేళ ఇంకా కాకముందు, లైనులోని ఆడవాళ్ళు మా వరండాలో చేరేవారు. కొందరికి చదువు రాదు. చదువొచ్చిన కొందరికి కళ్ళు ఆనవు. అన్నీ బాగున్నవాళ్ళకు కూడా నా చేత చదివించుకోవడమే ఇష్టం. నేను గొంతు మార్చి మార్చి చదివేదాన్ని. అత్తగారికొక గొంతు, మొగుడికొక గొంతు. పక్కింటి వదిన చాటలో బియ్యం పోసుకొచ్చి మెట్టు మీద కూర్చుని, రాళ్ళు ఏరుతూ వినేది. కథ ముదిరిన చోట ఆమె చెయ్యి ఆగిపోయేది. అది చూసి నాకు గర్వంగా ఉండేది, ఆ కథేదో నేనే రాసినట్టు.

ఊళ్ళో నెట్ సెంటర్లు కొత్తగా తెరుస్తున్న రోజులవి. ఆ పత్రికలో ఒక నర్సు కథ సీరియల్‌గా వచ్చేది. రచయిత్రి పేరు తప్ప ఆమె గురించి మాకేమీ తెలియదు, ఫోటో కూడా వేసేవారు కాదు. కథలోని నర్సు చిన్న టౌనులో సర్కారు దవాఖానాలో పనిచేస్తుంది. డ్యూటీ, ఇల్లు, అత్తగారి మందులు, ఒక్కగానొక్క కూతురు. మొగుడు కొట్టడు, తిట్టడు. కాకపోతే ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను "తిన్నావా?" అని అడగడు. ఆ మాట చదివిన రోజు వదిన, "మా ఇంట్ల సుత గంతే" అంది, చాటలో బియ్యం చెరుగుతూ.

ఏడాదికి పైగా నడిచి ఆ సీరియల్ ముగిసింది. ఆఖరి భాగంలో నర్సు పొద్దున్నే కూతురికి జడలు వేసి, రిబ్బన్లు కట్టి, బడి గేటు దగ్గర దింపుతుంది. పిల్ల లోపలికి వెళ్ళేదాకా చూస్తుంది. అక్కణ్ణుంచి దవాఖానాకు పోదు, రైల్వే స్టేషనుకు పోతుంది. రైలు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటుంది. రైలు కదులుతుంది. అంతే, సమాప్తం అని వేశారు.

నేను పేజీ తిప్పి చూశాను, వెనక ఇంకేమైనా ఉందేమోనని. వంటల శీర్షిక ఉంది.

"గదేంది?" అంది వదిన. "పిల్లను ఇడిచిపెట్టి పోతదా?"

"మల్ల వస్తదేమో," అన్నారెవరో.

"అయిపోయిందని రాసిన్రు గద! ఇంకెక్కడ వచ్చుడు?"

అందరూ రచయిత్రిని తిట్టారు. నేనూ తిట్టాను. మనింటి ఆడపిల్ల చెప్పకుండా పోయినట్టే అనిపించింది మాకు. వదినైతే ఆ వారమంతా, "ఆ పోరికి సాయంత్రం బడి ఇడిస్తే గేటుకాడ ఎవరుంటరు?" అని అడుగుతూనే ఉంది. నన్నడిగితే నేనేం చెప్పను? కానీ అడగ్గా అడగ్గా నాకే ఒక జవాబు దొరికింది. మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. నర్సు కొన్ని స్టేషన్ల అవతల దిగిపోతుంది. కూతురి ముఖమే కళ్ళ ముందు మెదులుతుంది. తిరుగు రైలెక్కి, బడి గంట కొట్టే వేళకు గేటు దగ్గర నిలబడుతుంది. అక్కడ మొగుడు కూడా ఉంటాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "పొద్దుటి నుంచి తిన్నావా?" అని అడుగుతాడు. ఇంటికి పోతే అత్తగారు కాఫీ పెట్టి ఇస్తుంది.

వరండాలో అది చదివిన రోజు ఏడవనివాళ్ళు లేరు. వదిన చాట పక్కన పెట్టి నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. ఆ మధ్యాహ్నం కంటే గొప్పగా నన్నెవరూ అంతకు ముందు మెచ్చుకోలేదు.

అది అక్కడితో ఆగితే బాగుండేది. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న వరస, బస్టాండు వెనక డీటీపీ షాపు నడిపేవాడు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అచ్చువేయించేవాడు. పక్కింటి వదిన నోట సంగతి విని ఇంటికొచ్చాడు.

"చెల్లె, గింత మంచిగ రాసినవ్, మన ఆడోళ్ళకు తప్ప ఎవరికి తెలుస్తది? నేను చిన్న పుస్తకం ఏస్త. పైసా తీస్కోవద్దు. అందరికి ఉత్తగనే పంచుదం. ఆ సీరియల్ మెచ్చినోళ్ళు మస్తుమంది ఉన్నరు."

నాకు ఆశ కలిగింది. "నా పేరు మాత్రం వద్దన్నా," అన్నాను. అది వినయం అనుకున్నాను అప్పుడు. ఆ రచయిత్రి కట్టిన ఇంట్లో ఒక గది వేసినంత మాత్రాన ఇల్లు నాదవుతుందా అని కూడా అన్నాను. ఎంత బాగా మాట్లాడానో అని లోపల మురిసిపోయాను.

అన్న మిగులు కాగితం మీద కొన్ని వందల ప్రతులు వేయించాడు. గులాబీ రంగు అట్ట. పైన పెద్ద అక్షరాల్లో సీరియల్ పేరు, కింద రెండో భాగం అని, దాని కింద రచయిత్రి పేరు. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 'అభిమాన పాఠకుల ఉచిత కానుక' అని, ప్రతులు కావలసినవాళ్ళకు మా క్వార్టరు నంబరు. ఆమె పేరు అంత పెద్దగా వేయడం ఆమెకు మేమిచ్చిన గౌరవం అనే నేను అనుకున్నాను. పెళ్ళిళ్ళలో, మహిళా సంఘాల మీటింగుల్లో, భద్రాచలం బస్సుల్లో పంచాం. కొన్నాళ్ళకు ఎక్కడెక్కడి నుంచో కార్డులు రావడం మొదలైంది, ఒక ప్రతి పంపండని. మా ఆయన స్టాంపులు తెచ్చిచ్చేవాడు. "మా ఇంటామె పుస్తకం," అని గనిలో చెప్పుకునేవాడట.

రిజిస్టరు పోస్టు ఒకటి వచ్చింది కూడా మధ్యాహ్నమే. అందరూ వరండాలో ఉన్నారు. పోస్టుమ్యాన్ సంతకం పెట్టించుకుని మందపాటి కవరు చేతిలో పెట్టాడు.

"ఎవరో పెద్దోళ్ళు మెచ్చుకొని రాసినట్టున్నరు. చదువు, వినబడేటట్టు చదువు," అంది వదిన.

నేను అలవాటుగా గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. మా కక్షిదారు ఫలానా నవల మీద సర్వహక్కులూ కలిగిన రచయిత్రి అని ఉంది. సంతోషంగానే చదివాను. వారి అనుమతి లేకుండా, వారి పాత్రలను వాడుకుని, వారు రాయని రచనను వారి పేరుతో అచ్చువేసి ప్రజలను మోసగించి, వారి ప్రతిష్ఠకు భంగం కలిగించినందున... మోసగించి అనే మాట నా నోట్లోంచి బయటికి వచ్చేసింది. ఆ తర్వాతి మాటలు లోలోపలే చదువుకున్నాను. ప్రతులన్నీ వెనక్కి తీసుకుని, పత్రికాముఖంగా క్షమాపణ చెప్పకపోతే సివిల్, క్రిమినల్ చర్యలు తీసుకుంటామని ఉంది కింద.

"ఏమైంది? ఆగినవేంది?"

"ఏం లేదు వదినా."

"మోసం అన్నవు గద? ఎవరు చేసిన్రు?"

నేను కాగితం మడిచాను. ఒక్కొక్కరే నల్లా వచ్చిందనో, పిల్లలొచ్చే వేళయిందనో చెప్పి లేచారు. ఆ రోజు నల్లా ఇంకా రాలేదు.

మా ఆయన ఇంటికి వచ్చేసరికే ఆయనకు సంగతి తెలిసిపోయింది. షిఫ్టు దిగేచోట ఎవరో, "ఏందన్నా, వదినకు కోర్టు కాయితం వచ్చిందంట? పుస్తకాలు దొంగతనం చేసిందంట?" అని నవ్వారట. ఆయన బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. బొగ్గు మసి కడుక్కున్నా కళ్ళ అంచుల్లో మిగిలిపోతుంది, కాటుకలా. ఆ కళ్ళతో నన్ను చూడలేక నేల చూశాడు.

"క్వార్టరు నంబరు ఎందుకేసిన్రు దాని మీద?" అన్నాడు చివరికి. "నౌకరీకి ఏమన్న అయితదా?"

నేను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ ఒక మాట అని తేలికపడేదాన్ని. ఆయన భయపడ్డాడు. గనిలోకి దిగడానికి ఏనాడూ జంకని మనిషిని నేను రాసిన ఒక గులాబీ అట్ట పుస్తకం భయపెట్టింది.

అన్నను పిలిపించి, ముగ్గురం కలిసి కోర్టు దగ్గర ఒక లాయరు గారి ఇంటికి వెళ్ళాం. ఆయన పెద్దాయన, ఓపిక గలవాడు. నోటీసు ఒకసారి, పుస్తకం ఒకసారి తిరగేశాడు.

అన్నే ముందు అందుకున్నాడు. "సార్, మేము ఒక్క పైస తీస్కోలె. ఉత్తగ పంచినం. గిది గూడ తప్పేనా?"

"ఉత్తగ పంచితే హక్కు పోతదా? నీ ఇంటి తాళం తీసి ఊరందరినీ కూర్చోబెట్టి, కిరాయి తీసుకోలేదు కదా అంటే ఒప్పుకుంటావా నువ్వు?" అన్నాడు లాయరు గారు. "కథ ఆమెది. అందులో ఉన్న మనిషి ఆమె తయారుచేసిన మనిషి. ఆ మనిషిని తీసుకొని నువ్వు ఇంకో కథ నడపాలంటే ఆమెను అడగాలె. ఇది కాపీరైటు చట్టం. ఆమె బతికున్నన్ని రోజులే కాదు, ఆమె పోయినంక గూడ చానా ఏండ్లు ఉంటది."

"మరి అందరూ పాటలకు పేరడీలు కడతరు, నాటకాలేస్తరు..." అన్నాను నేను, గొంతు నాకే వినబడనంత మెల్లగా.

"కొన్నిటికి చట్టమే సందు ఇస్తది. కొన్నిటిని ఎవరూ పట్టించుకోరు. నువ్వు నీ నోట్సులో రాసుకొని పక్కింటోళ్ళకు చదివి వినిపిస్తే నీ ఇంటికి ఎవరొస్తరమ్మా? కానీ దీని సంగతి వేరు." ఆయన అట్ట మీద వేలు పెట్టాడు. "కథ వాడుకున్న దానికంటే ఇది పెద్ద తప్పు. ఆమె రాయనిదానికి ఆమె పేరు పెట్టిన్రు. చదివినోళ్ళు ఏమనుకుంటరు? ఆమే రాసిందనుకుంటరు."

"గౌరవంగా వేసినం సార్," అన్నాను.

"గౌరవమా," అన్నాడాయన. పుస్తకం మీద నా పేరు లేదు కదా, నేనేం ఆశించాను అనే ఒక మాట అంతవరకూ నన్ను నిలబెడుతూ వచ్చింది. ఆ ఒక్క మాటతో అదీ పోయింది.

కోర్టుకు పోయే బదులు ముందు ఆమెను కలిసి మాట్లాడమన్నాడు. నోటీసు పంపిన లాయరుకు ఆయనే ఫోను చేశాడు. మా అదృష్టమో ఏమో, ఆ నెలలోనే ఆమె ఒక స్నేహితురాలితో భద్రాచలం వస్తున్నదట. రాములవారి దర్శనం చేసుకుని మర్నాడు పర్ణశాల చూస్తారు, అక్కడికి వస్తే మాట్లాడతానన్నదని కబురొచ్చింది.

పొద్దున బస్సుకు మా ఆయనా నేనూ బయలుదేరాం. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి. ఎండాకులు రాలి టేకుచెట్లు బోసిగా ఉన్నాయి. ఆయన అరటిపళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలో నేను దారంతా లోలోపల వల్లె వేసుకున్నాను. భద్రాచలంలో బస్సు మారి పర్ణశాలలో దిగేసరికి అవన్నీ మరిచిపోయాను.

గోదావరి ఒడ్డున, గుడికి కాస్త ఎడంగా ఉన్న రేకుల షెడ్డు కింద వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు. ఆమెను నేను పొడుగ్గా, గంభీరంగా ఊహించుకున్నాను. ఆమె సన్నగా, పొట్టిగా, రిటైరైన టీచరమ్మలా ఉంది. నేత చీర, భుజానికి గుడ్డ సంచి. పక్కనున్న స్నేహితురాలికి మొక్కజొన్న కండె వలిచి ఇస్తోంది. మేమెవరమో చెప్పగానే చేతులు తుడుచుకుంది.

మా ఆయన పళ్ళసంచి ఆమె పక్కన పెట్టి, చేతులు కట్టుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. పై అధికారి ముందు కూడా ఆయన అలా నిలబడగా నేను చూడలేదు. నేను వంగి ఆమె కాళ్ళు ముట్టుకోబోయాను.

"వద్దమ్మా," అంది వెంటనే కాళ్ళు వెనక్కి తీసుకుని. "కూర్చోండి. మీరేనా రాసింది?"

"అవునమ్మా. క్షమించండి. తెలియక..."

ఆమె సంచిలోంచి ఆ గులాబీ పుస్తకం తీసింది. చివరి పేజీలు తెరిచి నాకిచ్చింది. "చదవండి ఒకసారి. గేటు దగ్గరి భాగం."

"ఎందుకమ్మా?"

"మీ గొంతులో వినాలనుంది."

వరండాలో గొంతు మార్చి మార్చి చదివిన పేజీ అది. ఆమె ముందు ఒక్కో మాటా రాయిలా బరువైంది. 'అతని కళ్ళలో పశ్చాత్తాపం కన్నీరై పొంగింది' అని రాశాను. అలాంటి వాక్యం ఆమె ఏనాడూ రాయదు. ఇన్నాళ్ళు ఆమెను చదివీ నాకది తెలియలేదా అనిపించింది. ఎలాగో పేజీ చివరి దాకా చదివాను. నదిలో ఎవరో పిల్లలు నీళ్ళు చల్లుకుంటూ అరుస్తున్నారు. వాళ్ళ అరుపులు నా గొంతును కప్పేస్తే బాగుండుననిపించింది.

"బాగానే రాశారు," అంది ఆమె. "అదే వచ్చిన చిక్కు. బాగా లేకపోతే నేను రాశానని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు."

నేను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాను.

"మీకు ముగింపు నచ్చలేదు. దానికి నేనేమీ అనను. నచ్చలేదని పత్రికకు ఉత్తరాలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తిట్టారు కూడా. తిట్టించుకోవడానికి నేను సిద్ధపడే రాశాను." ఆమె గుడ్డ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "నేను ఇల్లు వదిలి వచ్చేసినదాన్నమ్మా. నా కూతురు అప్పుడు చిన్నది. దాన్ని బళ్ళో దింపి వెళ్ళిపోయాను. అది పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని కూడా నాతో మాట్లాడలేదు. ఈ సీరియల్ అయిపోయిన వారం నాకు ఫోను చేసింది. ఎందుకు వెళ్ళావో ఇప్పుడు కొంచెం తెలిసిందమ్మా, అంది. కొంచెమే అంది. నాకదే చాలు."

స్నేహితురాలు ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. ఆమె ఆగలేదు.

"తర్వాత మీ పుస్తకం వచ్చింది. మా ఆడబిడ్డకు ఎక్కడ దొరికిందో, దాన్ని నా కూతురికి పోస్టు చేసింది. చూడు, మీ అమ్మ ఇప్పటికి తప్పు ఒప్పుకుంది, ఆడది వెనక్కి రావాల్సిందేనని తనే రాసింది, అని. నా కూతురు ఫోను చేసి, ఏది నిజమమ్మా, అనడిగింది. నేను రాయలేదని చెప్పాను. నమ్మింది. కానీ నన్ను ఆ ప్రశ్న అడిగింది కదా."

"ప్రేమతో రాసినమ్మా," అన్నాను. "ఆ నర్సు అట్లా పోతే మాకు మనసొప్పలేదు. అందుకే రాసిన."

"తెలుసమ్మా. నన్ను వెనక్కి రమ్మన్నవాళ్ళందరూ ప్రేమతోనే రమ్మన్నారు."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. తన కథలోని మనిషిని ఇంట్లోంచి బయటికి తీసుకురావడానికి ఆమె ఏళ్ళ తరబడి పెనుగులాడింది. నేను మధ్యాహ్నాలు తీరిగ్గా కూర్చుని మళ్ళీ ఆ ఇంట్లోకే తోసి, చేతికి కాఫీ గ్లాసు ఇప్పించాను. కింద ఆమె పేరు పెట్టాను.

మా ఆయన మొదటిసారి నోరు విప్పాడు. "మేడమ్, ఏం జేయమంటే గది జేస్తం. తప్పు మాదే."

"మాది" అన్నాడు. నాది అనలేదు. అదింకా బాధపెట్టింది.

ఆమె అడిగింది పెద్దదేమీ కాదు. ఇంక పంచొద్దు. దొరికినన్ని ప్రతులు వెనక్కి తేవాలి. రెండో భాగం రచయిత్రిది కాదని, నేను రాశానని, ఆమెను అడగలేదని, అదే వారపత్రికలో నా పేరు, ఊరు పెట్టి ఒక ప్రకటన రావాలి. అది వచ్చాక నోటీసు వెనక్కి తీసుకుంటానంది. వచ్చేటప్పుడు మా పళ్ళు ఆమె తీసుకుంది, రెండు మళ్ళీ మా ఆయన చేతిలో పెట్టి, బస్సులో తినండి అంది.

ప్రకటన లాయరు గారు రాసిచ్చారు. అచ్చులో నా పేరు చూసుకోవడం నాకదే మొదటిసారి. ఎప్పుడో ఒకప్పుడు ఆ పత్రికలో నా పేరు రావాలని ఎంత కలగన్నానో నాకే తెలుసు. వచ్చింది, క్షమాపణ కింద. ఆ వారం కూడా మా ఆయన పత్రిక కొనుక్కొచ్చాడు. మధ్యాహ్నం ఎవరూ రాలేదు. వదిన మాత్రం సాయంత్రం తొంగిచూసి, "అయిపోయిందా ఆ లొల్లి?" అనడిగింది.

"అయిపోయింది గానీ, నీ దగ్గరున్న పుస్తకం ఇయ్యి వదినా. వాపస్ తీస్కోవాలె."

"నేనియ్య."

"అట్ల గాదు వదినా, ఆమె కథ అది."

"ఆమె కథ ఆమెకే ఉండనీ. ఆ పోరి బడికాడ ఒక్కతే నిలబడ్డట్టు నాకు కలలొచ్చేవి. నీ పుస్తకం చదివినంకనే ఆగినయ్. నేనెందుకిస్త?"

ఆమెతో వాదించలేకపోయాను. చట్టం ప్రకారం తప్పు కావచ్చు గానీ ఆ ఒక్క ప్రతిని వదిలేశాను. మిగతా ఇళ్ళకు సంచి పట్టుకుని తిరిగాను. కొందరు పిలిచి కూర్చోబెట్టి, జాలిగా మాట్లాడి ఇచ్చారు. కొందరు గుమ్మంలోనే ఇచ్చేశారు. ఒకావిడ పొయ్యి రాజేయడానికి వాడానంది. ఆ ఇంటి నుంచి మాత్రం తేలికపడి బయటికొచ్చాను. అన్న షాపులో మిగిలినవి తెచ్చుకున్నాను. ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పుస్తకం కంప్యూటరు ఫైలు హైదరాబాదులో ఒక స్నేహితుడికి ఇచ్చానని, వాడు నెట్‌లో పెట్టాడని అప్పుడు చెప్పాడు. నెట్ సెంటర్లో కూర్చుని చూపించాడు. నా పేజీలు తెర మీద కనిపించాయి, పైన ఆమె పేరు. కింద ఎవరెవరో ఆమెను మెచ్చుకుంటూ రాశారు. స్నేహితుడికి రాయించి తీయించాం. ఈలోపు ఎవరెవరు దించుకున్నారో, ఎక్కడ పెట్టుకున్నారో ఏ సంచి పట్టుకుని అడగను?

తెలిసినవాళ్ళ దగ్గరున్న ప్రతుల్లో చివరిది ఏన్కూరు దగ్గరి పల్లెలో ఉంది. మా ఆయన మేనత్త వాళ్ళిల్లు. ఏదో పెళ్ళిలో ఆమె ఒక ప్రతి అడిగి మరీ తీసుకుంది. మిర్చి కోతల కాలం. నేను వెళ్ళేసరికి అత్తమ్మ ఇంట్లో లేదు. కళ్ళంలో ఎర్రగా పరిచిన మిర్చి ముందు వాళ్ళ కోడలు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. వయసులో నాకంటే చిన్నది. కిందటేడు మొగుడితో పడక, పిల్లను తీసుకుని అడవి అంచున ఉన్న పుట్టింటికి పోయిందని, మళ్ళీ వచ్చిందని విన్నాను.

పర్ణశాలలో ఆ రచయిత్రిని కలిశానని, పుస్తకాలన్నీ వెనక్కి తెమ్మన్నదని చెప్పాను. ఆమె లేచి లోపలికెళ్ళి పుస్తకం తెచ్చిచ్చింది. మూలలు మడతలు పడి, అట్ట మీద పసుపు మరకలున్నాయి.

"మా అత్తమ్మ గిది మా అమ్మగారింటికి పంపిందక్కా," అంది మళ్ళీ కూర్చుంటూ. "గంత పెద్ద రైటరమ్మే గిట్ల రాసింది, సదువు, అని ఈడికొచ్చిన మా తమ్మునితోని చెప్పిపంపింది."

మిర్చి ఘాటుకు దగ్గొచ్చింది. "అది సదివే తిరిగొచ్చినవా చెల్లె?" అనడిగాను దగ్గు తగ్గాక.

ఆమె నావైపు వింతగా చూసింది. "పుస్తకం సదివి ఎవరన్న వస్తరా అక్కా? ఆడ మా అన్నలు, వదినెలు. నాకు, పిల్లకు జాగ ఏడుంది? ఎట్లొస్తే బాగుంటదా అని చూస్తున్న. గది వచ్చింది. సరె, పెద్దరికంగ పిలిచిన్రు గద అని వచ్చిన."

నా తప్పు అంత పెద్దది కానందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే సిగ్గేసింది. వచ్చింది మొదలు నేను ఆమె గురించి కాదు, నా పుస్తకం గురించే ఆలోచిస్తున్నాను. ఆమె బతుకును నేనే తిప్పానేమో అన్న భయంలో కూడా ఒక గర్వం ఉంది. ఇప్పుడు బాగుంటున్నావా అని అడగలేదు. అడిగే ముఖం లేకపోయింది.

"ఇది ఆమె రాసింది గాదు చెల్లె," అన్నాను. "నేను రాసిన. అసలు కథల ఆమె తిరిగి రాదు."

ఏరుతున్న చెయ్యి ఆగింది. "రాదా?"

"రాదు. పిల్లను బళ్ళె దింపి రైలెక్కుతది. రైలు పోతది. గంతే."

"ఏడికి పోయిందక్కా?"

"అది రాయలేదు ఆమె."

"నువ్వు కలిసిన అంటివి గద ఆమెను? అడగలేదా?"

లేదు. నది ఒడ్డున అంతసేపు ఆమె ఎదురుగా కూర్చున్నాను. నా క్షమాపణ, నా నోటీసు, మా ఆయన నౌకరీ తప్ప ఇంకేమీ తోచలేదు. ఇల్లు వదిలిన మనిషి ఆ సాయంత్రం ఎక్కడ దిగింది, ఎవరింట్లో పడుకుంది, ఏం తిన్నది అని ఒక్క మాట అడగలేదు.

"అడగలె," అన్నాను.

"అడిగితే బాగుండు," అంది ఆమె, తాలుకాయలు పక్కకు తోస్తూ.